సోయాలో సాలు దూరం: గింజ పెంచితే దిగుబడి పెరుగుతుందా?

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లోని తెలుగు కుటుంబాలకూ, సరిహద్దుకు ఇవతల తెలంగాణ పల్లెలకూ వానాకాలంలో సోయా ప్రధాన పంటల్లో ఒకటి. విత్తే వేళ ఉభయ ప్రాంతాల రైతులనూ వేధించే ప్రశ్న ఒక్కటే: ఎకరానికి ఎంత గింజ?

2020 ఖరీఫ్‌లో విత్తనం మొలవలేదని మహారాష్ట్రలో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఒకసారి మొలక తప్పిన పొలం చూసిన రైతు మరుసటి ఏడాది ఐదారు కిలోలు అదనంగా పోయడం సహజమే. అయితే భయంతో పోసిన గింజ లెక్కకు నిలవదు.

సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, అనగా సుమారు మూరెడు. మొక్కకు మొక్కకు 5 సెంటీమీటర్లు. ఈ దూరంలో ఎకరానికి దాదాపు 1.8 లక్షల మొక్కలు నిలుస్తాయి. నూరు గింజలు 12 గ్రాములు తూగే విత్తనమైతే 30 కిలోల సంచిలో రెండున్నర లక్షల గింజలుంటాయి. ధ్రువీకృత విత్తనానికి విధించిన కనీస మొలక 70 శాతం. ఆ లెక్కన 1.75 లక్షల మొక్కలు వస్తాయి, సంచి సరిపోయినట్లే. మొలక 85 శాతముంటే 25 కిలోలే చాలు. అదే సంచిలో నూరింటికి 15 గ్రాములు తూగే లావు గింజ ఉంటే మొక్కలు 1.4 లక్షలకు తగ్గుతాయి. కిలోలు చూసి విత్తేవారు ఇక్కడే నష్టపోతున్నారు. తడి గోనెపట్టాలో నూరు గింజలు చుట్టి వారం లోపు మొలకలు లెక్కించుకోవడానికి ఖర్చేమీ లేదు.

ఒత్తుగా పెరిగిన సోయా వెలుతురు కోసం పోటీపడి సన్నగా పొడుగవుతుంది, కొమ్మలు తగ్గుతాయి, గాలివానకు ఒరుగుతుంది. ఆకుల నడుమ తేమ నిలిచి తెగుళ్లకు చోటిస్తుంది. పలుచగా ఉన్న మొక్క మాత్రం కొమ్మలు వేసి, కాయలు పెంచి ఖాళీని కొంతవరకు పూడుస్తుంది. కావున అక్కడక్కడ మొక్క తప్పినంత మాత్రాన చేను దున్నివేయనక్కరలేదు. సాలు పొడవునా బారెడేసి ఖాళీలుంటే మాత్రం ఆ మేరకు కలుపు పెరుగుతుంది.

మొలక తప్పడానికి గింజ ఒక్కటే కారణం కాదు. సోయా గింజ పొర మిక్కిలి పలుచన. సంచులు ఎత్తివేసినా, నూర్పిడి యంత్రం వేగంగా తిరిగినా లోపలి మొలక దెబ్బతింటుంది. గొర్రు లోతుగా దిగి గింజ 5 సెంటీమీటర్ల అడుగున పడితే, పైన రేగడి గట్టిపడినప్పుడు మొలక పైకి రాలేదు. తొలి జల్లుకే తొందరపడి విత్తడం అన్నిటికన్నా ప్రమాదకరం. నేల 75 నుంచి 100 మిల్లీమీటర్ల వానకు తడిసేదాకా ఆగవలసినదే.

రుతుపవనాలు ఆలస్యమైన ఏడు మూరెడు దూరం వర్తించదు. మొక్క పొట్టిగానే పూతకు వస్తుంది కనుక సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లకు కుదించి, గింజ పెంచవలసి ఉంటుంది. అదనపు గింజకు న్యాయమైన తావు అక్కడే.