నీళ్లలో గేదెకు బేరం

నీళ్లలో వున్న గేదెకు బేరమాడవద్దని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఇప్పుడు ఇంటింటా జరుగుతున్నది ఆ బేరమే గదా! చీర నేత చేతికి తగలదు. అంగడివాడి ముఖం కంటికి కనపడదు. అయినా ఫోనుమీద వేలు పెట్టి కొనేస్తున్నాం. ఈ ధైర్యం ఎక్కడిది?

కొనడమంటేనే కొంత సాహసమని రేమండ్ బావర్ అనే అమెరికా పండితుడు 1960లోనే అన్నాడు. డబ్బు పోతుందేమో, సరుకు నాసిరకమేమో, నలుగురూ నవ్వుతారేమో అని భయం. ఆ భయం తగ్గితేనే చెయ్యి జేబులోకి పోతుంది. 2010లో ఫ్లిప్‌కార్ట్ వారు సరుకు చేతికందాకనే డబ్బు పుచ్చుకొనే పద్ధతి పెట్టారు. అది ఆ భయానికి విరుగుడే.

తరువాత నలుగురి మాట. మనిషి ఒక పని చెయ్యాలనుకోవటానికి మూడు మూలాలున్నాయని ఐజెన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1991లో రాశాడు: ఆ పనిమీద ఇష్టం, మనవాళ్లేమంటారన్న ఆలోచన, చెయ్యగలమన్న ధీమా. పక్కింటి వదినగారు తెప్పించిన కుక్కరు బాగుందంటే మనకూ కావాలనిపిస్తుంది. వదినగారు లేనిచోట ముక్కూ మొగమూ తెలియనివారు వేసిన చుక్కలున్నాయి. వాటినే నమ్ముతాం.

ఇక్కడే బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం జ్ఞాపకం వస్తుంది. నేరస్థ జాతి అని చట్టం ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను 1913లో సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీ కింద అక్కడ వుంచారు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు ఆ వూరికి పెట్టారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం చెరగలేదు. 1991లో సినిమాలకు సైతం ఆ పేరే పనికివచ్చింది!

చూడని అంగడివాణ్ణి చుక్కలు చూసి నమ్ముతాం; చూడని వూరిని పేరు విని శంకిస్తాం. స్వయంగా విచారించే శ్రమ తప్పించుకొని, ఎవరో వేసిన గుర్తును పట్టుకు వేలాడటమే రెండుచోట్లా జరిగేది. మొదటిచోట పోయేది మన నాలుగు రూపాయలు. రెండోచోట దెబ్బతినేది, ఏ పాపమూ ఎరగకుండా ఆ వూరి పేరు దరఖాస్తులో రాయవలసిన పిల్లవాడు.

సరుకు విషయంలో జాగ్రత్త సులువే. తక్కువ చుక్కలు వేసినవారి మాట ముందు చదవండి. అమ్మేవారి పేరూ చిరునామా చూడండి. 2020 నిబంధనల ప్రకారం అవి చూపవలసిందే. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. కాకుంటే 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

వూరిమీద పడ్డ ముద్రను వాపసు తీసుకోవటానికి అటువంటి నంబరేదీ లేదు. ఆ పని మనమే చెయ్యాలి.