కొనేముందు అడగాల్సిన ప్రశ్న

దసరా ఆఫర్లు మొదలవగానే ఫోన్ల దుకాణాలు కిటకిటలాడతాయి. అందుకే ఈ సంచికను రోజువారీ వాడకానికి పనికొచ్చే స్మార్ట్‌ఫోన్ ఎంపికకే కేటాయించాం.

కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అందరూ అడుగుతారు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ముందు అడగాల్సింది అదే. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, కూరగాయల బండి దగ్గర చెల్లింపు అన్నీ ఫోన్‌లోనే. అప్‌డేట్లు ఆగిపోతే, కొత్తగా బయటపడ్డ లోపాలు అందులో అలాగే ఉండిపోతాయి. పిక్సెల్ 8కి గూగుల్ 2023లో, గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ 2024లో ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అంతకాలం రావు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ హామీ చూసుకునే డబ్బు కట్టండి.

స్టోరేజీ 128 జీబీకి తగ్గకుండా చూసుకోండి. 64 జీబీలో సిస్టమ్, యాప్‌లు పోగా మిగిలింది వాట్సాప్ వీడియోలకే చాలదు. అమ్మానాన్నల కోసమైతే ఫోన్‌ను వాళ్ల చేతికే ఇవ్వండి. అక్షరాలు పెద్దవి చేసి, దుకాణం గుమ్మం బయట ఎండలో చదవమనండి. స్పీకర్ పెట్టి ఒక కాల్ మాట్లాడించండి.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ అయితే *#06# నొక్కండి. కనిపించే ఐఎంఈఐ నంబరును కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూస్తే, అది బ్లాక్ అయిన ఫోనేమో తెలుస్తుంది.

ధరల వారీగా మా ఎంపికలు లోపలి పేజీల్లో ఉన్నాయి. అవి చదివేముందు ఫోన్‌తో మీకున్న పనులేమిటో ఒక కాగితం మీద రాసుకోండి. వాటికి సరిపోయేదే మీకు మంచి ఫోన్.

– సంపాదకుడు