ఆస్ట్రేలియాలో వేరే రాష్ట్రం నుంచి మోడిఫైడ్ కారు కొంటున్నారా? ‘రెజో ఉంది’ అన్న మాట ఒక్కటే సరిపోదు

‘సస్పెన్షన్ ఎత్తు పెంచాం, పెద్ద టైర్లు వేశాం, ఇంకా ఎనిమిది నెలల రెజో ఉంది.’ ఆస్ట్రేలియాలో సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనల్లో ఇలాంటి మాటలు తరచూ కనిపిస్తుంటాయి. అక్కడ రిజిస్ట్రేషన్‌ను వాడుకలో ‘రెజో’ అంటారు. బండి క్వీన్స్‌లాండ్‌లో ఉంది, కొనేవారు మెల్‌బోర్న్‌లో ఉన్నారు, ధర కాస్త తక్కువే. మరి ఆ రెజో చూసి డబ్బు కట్టేయొచ్చా?

తొందరపడొద్దు. ఒక రాష్ట్రంలో రెజో ఉందంటే ఆ బండి అక్కడి రోడ్లపై తిరగడానికి ఫీజు కట్టారని అర్థం. దానికి చేసిన మార్పులన్నీ చట్టబద్ధమైనవని కాదు. ఆ సంగతి నిరూపించాల్సిన భారం చివరికి కొత్త యజమాని మీదే పడుతుంది.

ఒకే దేశంలో ఇన్ని పద్ధతులు ఎందుకు?

కొత్త బండి మార్కెట్లోకి రావడానికి ఏ ప్రమాణాలు ఉండాలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వాటిని ‘ఆస్ట్రేలియన్ డిజైన్ రూల్స్’ అంటారు. 2018 నాటి రోడ్ వెహికల్ స్టాండర్డ్స్ చట్టం కింద ఇవి అమలవుతున్నాయి. బండి రోడ్డెక్కాక మాత్రం రిజిస్ట్రేషన్, తనిఖీ, మార్పులకు అనుమతి అన్నీ రాష్ట్రాల చేతిలోనే ఉంటాయి. ఆరు రాష్ట్రాలు, రెండు టెరిటరీలు కలిపి మొత్తం ఎనిమిది వ్యవస్థలు.

మార్పుల విషయంలో ‘వీఎస్‌బీ 14’ అనే జాతీయ కోడ్ ఉంది. ఉదాహరణకు మామూలు ప్యాసింజర్ కారుకు కంపెనీ సూచించిన అతి పెద్ద టైరు కంటే 15 మిల్లీమీటర్ల వరకు, ఆఫ్‌రోడ్ తరహా బండ్లకు 50 మిల్లీమీటర్ల వరకు ఎక్కువ వ్యాసం ఉన్న టైర్లను ఈ కోడ్ అనుమతిస్తుంది. ఇంజిన్ మారిస్తే కొత్తగా వేసినది కాలుష్య ప్రమాణాల్లో పాతదానికి తీసిపోకూడదు. అయితే ఏ మార్పుకు ఇంజినీర్ సర్టిఫికెట్ కావాలి, దాన్ని ఎవరు ఇవ్వాలి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సస్పెన్షన్‌ను ఎంతవరకు పెంచితే సర్టిఫికెట్ అక్కర్లేదన్న గీత కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు.

ఏ రాష్ట్రంలో ఏం అడుగుతారు?

విక్టోరియాలో రిజిస్టర్ చేయించాలంటే ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న టెస్టర్ ఇచ్చిన రోడ్‌వర్తీ సర్టిఫికెట్ కావాలి. దాని గడువు 30 రోజులు. పెద్ద మార్పులుంటే ‘వాస్’ అనే పథకం కింద గుర్తింపు పొందిన ఇంజినీర్ ఆమోదం కూడా ఉండాలి. రోడ్‌వర్తీ టెస్టర్ పని వేరు, వాస్ ఇంజినీర్ పని వేరు. ఒకరి సంతకం మరొకరి సంతకానికి బదులు కాదు.

న్యూ సౌత్ వేల్స్‌లో వేరే రాష్ట్రం నుంచి కొన్న బండికి సాధారణంగా ‘బ్లూ స్లిప్’ తనిఖీ జరుగుతుంది. చెప్పుకోదగ్గ మార్పులుంటే ‘వీఎస్‌సీసీఎస్’ పథకంలోని నిపుణుడి కంప్లయన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. ‘గ్రీన్ స్లిప్’ అనే తప్పనిసరి బీమా కూడా తీసుకోవాలి.

క్వీన్స్‌లాండ్‌లో సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి. అక్కడ గుర్తింపు పొందిన వ్యక్తులు మార్పులను ఆమోదిస్తే బండికి మోడిఫికేషన్ ప్లేటు బిగించి, సర్టిఫికెట్ ఇస్తారు. క్వీన్స్‌లాండ్ బండి కొంటున్నవారు ముందుగా వెతకాల్సింది ఈ ప్లేటునే.

ఇన్నేళ్లు తిరిగిన బండికి ఇప్పుడేం వచ్చింది?

చాలామందికి అర్థం కానిది ఇదే. న్యూ సౌత్ వేల్స్‌లో ఐదేళ్లు దాటిన కార్లను ఏటా తనిఖీ చేయించాలి. విక్టోరియా, క్వీన్స్‌లాండ్‌లలో మామూలు సొంత కార్లకు ఏటా తనిఖీ లేదు, ప్రధానంగా అమ్మేటప్పుడే సర్టిఫికెట్ అడుగుతారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ మామూలు కార్లకు వార్షిక తనిఖీ ఉండదు. అంటే సర్టిఫికెట్ లేకుండా మార్చిన బండి కూడా ఫీజు కడుతూ ఏళ్ల తరబడి తిరిగేయొచ్చు. రాష్ట్రం దాటి కొత్త రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడే ఆ లోపం బయటపడుతుంది. అప్పటికి అమ్మినవారి చేతికి డబ్బు అందిపోయి ఉంటుంది.

మన దగ్గరతో పోలిస్తే?

బెంగళూరులో కొన్న కారును హైదరాబాద్‌కు తెచ్చుకున్నవారికి ఎన్ఓసీ, లైఫ్ ట్యాక్స్ తిప్పలు తెలిసినవే. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. మార్పుల విషయంలో భారత్ ఇంకా కఠినం. కంపెనీ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆస్ట్రేలియాలో మార్పులకు దారి ఉంది. కానీ ప్రతి అడుగుకూ కాగితం చూపించాలి.

అసలు రిస్కు ఎక్కడ?

సర్టిఫికెట్ లేకపోతే రెండే దారులు. ఇంజినీర్‌తో పరీక్షలు చేయించి ఆమోదం తెచ్చుకోవాలి, లేదా బండిని కంపెనీ ఇచ్చిన రూపానికి తిరిగి మార్చాలి. మార్పును బట్టి ఖర్చు వందల నుంచి వేల డాలర్ల దాకా వెళ్లొచ్చు. చౌకగా దొరికిందనుకున్న బండి అక్కడే ఖరీదైపోతుంది.

అంతకంటే పెద్ద దెబ్బ బీమా. తప్పనిసరి బీమా మనుషులకు తగిలే గాయాలకు వర్తిస్తుంది. బండ్లకు జరిగే నష్టానికి వేరే పాలసీ కావాలి. పాలసీ తీసుకునేటప్పుడు మార్పుల గురించి కంపెనీ అడుగుతుంది. చెప్పకుండా దాచినా, చట్టవిరుద్ధమైన మార్పు ఉన్నా, ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్‌లో కోత పడొచ్చు, పూర్తిగా తిరస్కరించనూ వచ్చు.

డబ్బు కట్టే ముందు ఏం చేయాలి?

• విన్ నంబరుతో పీపీఎస్ఆర్ రిజిస్టర్‌లో వెతకండి. ఫీజు 2 డాలర్లే. బండి మీద అప్పుందా, దొంగిలించినదా, ఎప్పుడైనా రైట్ ఆఫ్ అయిందా అన్నది తెలుస్తుంది. రైట్ ఆఫ్ చరిత్ర ఉంటే మరింత జాగ్రత్త అవసరం. న్యూ సౌత్ వేల్స్ 2011 నుంచి అలాంటి కార్లను, కొన్ని మినహాయింపులు తప్ప, తిరిగి రిజిస్టర్ చేయనివ్వడం లేదు.

• మోడిఫికేషన్ సర్టిఫికెట్, ప్లేటు ఫొటో, విడిభాగాల బిల్లులు అడగండి. సర్టిఫికెట్‌లో రాసిన మార్పులు, బండిపై కనిపించే మార్పులు ఒకటేనా చూసుకోండి. సర్టిఫికెట్ వచ్చాక చేసిన మార్పులకు అది వర్తించదు.

• ఆ కాగితాలను, ఫొటోలను మీ రాష్ట్రంలో గుర్తింపు ఉన్న ఇంజినీర్‌కు ముందే చూపించండి. వేరే రాష్ట్రపు సర్టిఫికెట్ మీ దగ్గర చెల్లుతుందా, ఇంకేం కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

• తీసేసిన అసలు స్ప్రింగులు, చక్రాలు ఉంటే బండితో పాటే ఇవ్వమనండి. వెనక్కి మార్చాల్సి వస్తే అవే పనికొస్తాయి.

• బీమా కంపెనీకి మార్పులన్నీ చెప్పి, ముందే కోట్ తీసుకోండి.

• రెజో గడువు ముగిసిన బండైతే తాత్కాలిక పర్మిట్ లేకుండా రోడ్డు మీదికి తీయొద్దు.

ఈ కాగితాలు చూపించడానికి అమ్మేవారు వెనకాడితే ధర ఎంత తగ్గించినా ఆ బండి జోలికి వెళ్లకపోవడమే మేలు. ఆ తగ్గింపు కంటే ఇంజినీర్ బిల్లే ఎక్కువయ్యే అవకాశం ఉంది.