ఫోన్ ముసలిది కాలేదన్నా, నిండిపోయింది

ఫోన్ స్లో అయిందని కొత్తది కొనాలనుకుంటున్న రైతన్నలు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. కొంచెం పెద్ద పోస్టే. కానీ పది పన్నెండు వేలు మిగలొచ్చు.

మొన్న వానాకాలం వరి కోతలప్పటి సంగతి. మా పక్క పొలం పెద్దన్న కోత మిషన్ కోసం నాలుగు రోజుల నుంచి ఎదురుచూస్తున్నాడు. ఐదో రోజు పొద్దున డ్రైవరే ఫోన్ చేశాడు, మీ ఊరి దగ్గరే ఉన్నా, రమ్మంటారా అని అడగడానికి. ఫోన్ మోగుతోంది. ఎత్తుదామంటే స్క్రీన్ మీద నంబర్ రాదు, పచ్చ గుర్తు రాదు, వేలు ఎటు జరిపినా కదలదు. రింగు ఆగిపోయాక అప్పుడు తీరిగ్గా మిస్డ్ కాల్ అని చూపించింది. తిరిగి చేద్దామంటే నంబర్లు తెరుచుకునేసరికి ఇంకో రెండు నిమిషాలు. అప్పటికే మిషన్ పక్క ఊరికి మళ్లింది. మళ్లీ మూడు రోజులకు గానీ రాలేదు. ఆ మధ్యలో ఒక రాత్రి వాన కొట్టింది. నిలబడ్డ వరి పడిపోయింది. పడిన వరి కోయాలంటే మిషన్‌కు గంటలు ఎక్కువ, తడిసిన వడ్లు ఆరబోయడానికి కూలీ ఎక్కువ, మడిలో రాలిన గింజకైతే లెక్కే లేదు.

అదే వారం ఆయన సెల్ షాపుకు పోయాడు. షాపు అబ్బాయి ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "నాలుగేళ్లయింది కదా పెద్దాయనా, ఇక ఇది నడవదు" అని పదమూడు వేల ఫోన్ ఒకటి చూపించాడు. కిస్తీల మీద ఇస్తామన్నాడు. 2025-26లో ఏ గ్రేడ్ వడ్లకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. అంటే ఆ ఫోన్ ఖరీదు దాదాపు ఐదున్నర క్వింటాళ్ల వడ్లు. పంట దెబ్బతిన్న ఏడాదే అంత పెట్టి ఫోన్ కొనాలా? "అన్నా, ఒక్క రాత్రి ఫోన్ నాకియ్యి, బాగుకాకపోతే రేపు పోయి కొనుక్కో" అని తీసుకున్నాను.

అది 32 జీబీ ఫోన్. తెరిచి చూస్తే ఖాళీ జాగా ఒక్క జీబీ కూడా లేదు. వాట్సాప్ ఒక్కటే సగం దాకా మింగి కూర్చుంది. శుభోదయం పూలు, శుభరాత్రి చందమామలు, దేవుడి పటాలు, రాజకీయ నాయకుల పుట్టినరోజు పోస్టర్లు, ఎవరో ఎక్కడో కొట్టుకున్న వీడియోలు. ఆయన సొంతంగా తీసుకున్న ఫొటోలు వెతికితే రెండు వందలు కూడా లేవు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన చేతుల్లో ఉన్న స్లో ఫోన్లలో చాలావరకు ముసలివి కాలేదు, నిండిపోయాయి. నిండినదాన్ని ఖాళీ చేయడం నేర్చుకోకుండా కొత్తది కొంటే, ఏడాదికో రెండేళ్లకో అదీ ఇంతే అవుతుంది. షాపు వాళ్లు ఈ మాట చెప్పరు. చెబితే వాళ్ల బేరం ఏం కావాలి?

ఎందుకు స్లో అవుతుందో మన లెక్కలో చెబుతా. ఫోన్‌లో రెండు జాగాలుంటాయి. ఒకటి గోదాం, దాన్ని స్టోరేజ్ అంటారు. ఫొటోలు, వీడియోలు, యాప్‌లు అన్నీ అందులోనే. రెండోది కల్లం, అది ర్యామ్. పని జరిగేటప్పుడు సరుకు గోదాంలోంచి కల్లంలోకి వస్తుంది. గోదాం పైకప్పు దాకా నిండితే ఏమవుతుంది? ఒక కొత్త బస్తా పెట్టాలన్నా నాలుగు పాత బస్తాలు అటూ ఇటూ జరపాలి. ఫోన్‌లోనూ అంతే. అందులోని మెమరీ చిప్‌లో పాతది చెరిపితే గానీ కొత్తది రాయడానికి కుదరదు, ఆ చెరపడం కూడా ఒక్కొక్క గడిగా కాదు, పెద్ద ముక్కలుగానే అవుతుంది. ఖాళీ ఉంటే ఆ పని చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. ఖాళీ లేకపోతే మీరు వేలు పెట్టిన ప్రతిసారీ అది బస్తాలు జరుపుకుంటూ కూర్చుంటుంది. స్టోరేజ్‌లో పది శాతం కంటే తక్కువ ఖాళీ ఉంటే ఫోన్‌కు ఇబ్బందులు మొదలవుతాయని గూగుల్ కూడా చెబుతుంది. 32 జీబీ ఫోన్ అయితే మూడు జీబీలకు పైన ఖాళీ ఉండాలన్నమాట. నన్నడిగితే ఐదారు పెట్టుకోండి.

ఇక ఆ రాత్రి నేను చేసిన పనులు. మీరూ చేసుకోవచ్చు, పెద్ద చదువు అక్కర్లేదు.

ముందుగా కావలసినవి పక్కన పెట్టండి. పాస్ బుక్కు, ఆధార్, విత్తనాల బిల్లు, పిల్లల ఫొటోలు, పోయిన పెద్దవాళ్ల ఫొటోలు. వీటిని తెలిసినవాళ్ల కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించుకోండి. తొందరపడి అన్నీ తుడిచేసి తర్వాత బాధపడిన వాళ్లను చూశాను. మందు కొట్టే ముందు పంటేదో కలుపేదో చూసుకున్నట్టే ఇదీ.

తర్వాత వాట్సాప్ తెరవండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అని ఉంటుంది, అందులో మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి అని విడివిడిగా చూపిస్తుంది. కలుపంతా అక్కడే ఉంటుంది. చూసుకుంటూ ఎంచి తీసేయండి. ఏ గ్రూపు ఎంత జాగా తిన్నదో కూడా కింద వరసగా కనిపిస్తుంది. పెద్దన్న ఫోన్‌లో మొదటి స్థానం ఏ గ్రూపుదో చెబితే మా ఊళ్లో గొడవలవుతాయి, వదిలేద్దాం.

తీసేయడంతో పని అయిపోలేదు. మళ్లీ నిండకుండా గట్టు వేయాలి. అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఉంటుంది. మొబైల్ డేటాకు, వైఫైకి, రోమింగ్‌కు మూడింటికీ టిక్కులు తీసేయండి. అప్పటి నుంచి మీరు నొక్కిన ఫొటోనే దిగుతుంది. కలుపు పీకడం కంటే విత్తనం పడకుండా చూసుకోవడం తేలిక కదా.

గ్యాలరీలో తీసేసినవి వెంటనే పోవు. చాలా ఫోన్లలో నెల రోజుల పాటు ట్రాష్ అనే డబ్బాలో ఉంటాయి, జాగా తింటూనే ఉంటాయి. ఆ డబ్బా కూడా ఖాళీ చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఎంత తీసినా జాగా రాలేదంటారు.

ఆ తర్వాత యాప్‌లు. ఆరు నెలలుగా తెరవనివి తీసేయండి. ఫోన్‌తో పాటే వచ్చి తీయడానికి వీలుకాని వాటికి డిసేబుల్ అని ఉంటుంది, మీకు అక్కర్లేదని తెలిసిన వాటికి మాత్రమే అది నొక్కండి. ఉంచుకునే వాటిలో బరువైన వాటికి సెట్టింగ్స్‌లోకి పోయి క్లియర్ క్యాష్ కొట్టొచ్చు. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా మాత్రం ముట్టుకోవద్దు. అది నొక్కితే లాగిన్‌తో సహా ఆ యాప్ ఫోన్‌లో దాచుకున్నదంతా పోతుంది. చివరగా ఫోన్ ఆపి మళ్లీ వేయండి. వారానికోసారి అట్లా చేయడం మంచి అలవాటు.

పెద్దన్న ఫోన్‌లో ఈ పనులకు రెండు గంటలు పట్టింది. తెల్లారేసరికి పద్నాలుగు జీబీలు ఖాళీ.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే నష్టం అక్కడే ఎక్కువ. ఫోన్ స్లో అనగానే ఎవరో ఒకరు ఫలానా క్లీనర్ యాప్, బూస్టర్ యాప్ వేసుకోమంటారు. వద్దు. స్లో అయిన ఫోన్‌లో ఇంకో యాప్ వేయడమంటే నిండిన ట్రాలీ మీద ఇంకో మనిషిని ఎక్కించడమే. అవి వెనకాల తిరుగుతూ ర్యామ్ తింటాయి, ప్రకటనలు చూపిస్తాయి. 2020 జూన్‌లో కేంద్రం 59 యాప్‌లను నిషేధించిందే, టిక్‌టాక్‌తో పాటు, ఆ జాబితాలో క్లీనర్ యాప్‌లు కూడా ఉన్నాయి. అట్లాగే వెనకాల ఉన్న యాప్‌లన్నీ మాటిమాటికీ పైకి తోసేయడం వల్ల లాభం లేదు. వాటిని మళ్లీ మొదటి నుంచి తెరవడానికే ఎక్కువ పని పడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో బ్యాంకు పేరుతోనో ఏపీకే ఫైల్ వస్తే నొక్కకండి. అవి మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలు లాగే దొంగ యాప్‌లు. ఉన్నట్టుండి ఫోన్ స్లో అయి, వేడెక్కి, ఏమీ చేయకుండానే ప్రకటనలు వస్తుంటే అనుమానించండి. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ అని ఉంటుంది, దాంతో స్కాన్ చేయించండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఎండ సంగతి రైతులకే ఎక్కువ వర్తిస్తుంది. ట్రాక్టర్ బానెట్ మీద, మోటారు డబ్బా మీద ఫోన్ పెట్టి వదిలేస్తాం. వేడెక్కితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం పొలంలో స్లో, రాత్రి ఇంట్లో బాగుంటే జబ్బు ఎండదే. నీడన పెట్టండి. బ్యాటరీ పాతబడినా స్లో కావచ్చు. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని తామే తగ్గించామని ఆపిల్ కంపెనీ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. అంత ఖరీదైన ఫోన్ల సంగతే అట్లా ఉంటే మనవెంత? బ్యాటరీ మార్పించడానికి కొత్త ఫోన్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ అవుతుంది, ముందు అది అడగండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఒక్క రోజు కూడా వాడకండి, అది ప్రమాదం.

కొత్తది అసలే కొనొద్దని నేననడం లేదు. ఖాళీ చేసినా, బ్యాటరీ మార్చినా నడవకపోతే, లేదా బ్యాంకు యాప్ ఈ ఫోన్‌లో ఇక పనిచేయదని అదే చెబితే కొనాల్సిందే. కొంటే కెమెరా చూసి కొనకండి. ర్యామ్, స్టోరేజ్ చూడండి. మీ బడ్జెట్‌లో ఆ రెండూ ఎందులో ఎక్కువ వస్తే అది మేలు.

"ఇదంతా మాకెందుకు, పిల్లలకిస్తే చేసిపెడతారు" అనే వాళ్లున్నారు. పిల్లలు చేస్తారు, పోతూ పోతూ రెండు గేమ్‌లు వేసి పోతారు. అంతకంటే పెద్ద సంగతి, ఓటీపీ వచ్చేది మీ చేతిలోని ఫోన్‌కే. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో మనకు తెలుసు, స్ప్రేయర్ నాజిల్ విప్పి కడగడం తెలుసు. ఇదీ పనిముట్టే, దీని బాగోగులూ మనకే తెలియాలి.

ఇక తప్పంతా రైతు మీదే వేయడం కూడా నాకిష్టం లేదు. ఇప్పుడు పొలం పని సగం ఫోన్ మీదకే వచ్చింది. పీఎం కిసాన్ ఈ-కేవైసీని యాప్‌లో ముఖం చూపించి చేసుకునే పద్ధతి 2023లో వచ్చింది. 2025 సీజన్‌లో పత్తి రైతులకు సీసీఐ కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుకింగ్ పెట్టింది. మంచిదే, లైన్లలో నిలబడే బాధ తగ్గుతుంది. కానీ ఆ యాప్‌లు చేసేవాళ్లు వాటిని ఏ ఫోన్ మీద పరీక్షిస్తున్నారన్నది నా ప్రశ్న. ఏసీ గదిలో కొత్త ఫోన్ మీద కాదు, 2 జీబీ ర్యామ్ ఉన్న, గాజు పగిలిన, ఒక గీత సిగ్నల్ ఉన్న ఫోన్ మీద పరీక్షించాలి. తేలికైన యాప్‌లు చేయడం కుదరనిదేమీ కాదు. 1 జీబీ ర్యామ్, అంతకంటే తక్కువ ఉన్న ఫోన్ల కోసమే గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ గో తెచ్చింది. అయితే అందులో భాగంగా వచ్చిన యూట్యూబ్ గో 2022లో ఆగిపోయింది. తేలికవి పోతున్నాయి, బరువైనవి మిగులుతున్నాయి. రైతు కోసం చేసే యాప్ అయినా రైతు ఫోన్‌లో నడవాలని అడగడం అత్యాశా? ఫోన్ నడవని వాడికి మనిషి కూర్చున్న ఒక కౌంటర్ కూడా ఉండాలని అడగడం తప్పా? నేనైతే అడుగుతూనే ఉంటా.

పెద్దన్న ఫోన్ కొత్తదానిలా అయిందని అబద్ధం చెప్పను. వీడియో తెరవాలంటే ఇప్పటికీ కాసేపు ఆలోచిస్తుంది. కానీ కాల్ వస్తే పేరు వెంటనే పడుతోంది. యాసంగి కోతలకు మిషన్ డ్రైవర్ ఫోన్ చేస్తే ఈసారి రెండో రింగుకే ఎత్తుతాడు. ఆయనకు కావలసింది అదే. పదమూడు వేలు విత్తనాలకూ ఎరువులకూ మిగిలాయి.

మీరు కూడా ఈ రాత్రి అన్నం తిన్నాక ఒకసారి కూర్చోండి. ముందెంత ఖాళీ ఉంది, తర్వాత ఎంత వచ్చింది కామెంట్‌లో రాయండి, చూద్దాం ఎవరి గోదాం ఎంత నిండిందో. నచ్చితే నలుగురికీ పంపండి. ఒక్క మాట మాత్రం: దీన్ని స్క్రీన్‌షాట్లు తీసి పది గ్రూపుల్లో వేయకండి అన్నా, లింకు పంపండి చాలు. ఇంత రాసి మళ్లీ ఫోన్లు నేనే నింపినట్టు కాకూడదు.