ఇడియమ్స్ బట్టీపడితే బ్యాండ్ పెరగదు

ఐఈఎల్‌టీఎస్‌కి సిద్ధమవుతున్న వాళ్ల ఫోన్లలో ‘బ్యాండ్ 8 తెచ్చే 200 ఇడియమ్స్’ లాంటి పీడీఎఫ్ ఒకటి తప్పకుండా ఉంటుంది. దేవరాపల్లి నుంచి చోడవరం, అనకాపల్లి మీదుగా విశాఖ కోచింగ్‌కి వెళ్లే కుర్రాళ్లూ బస్సులో కూర్చుని తిరగేసేది ఇదే. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే సులువు, ‘బ్లూ మూన్’ అంటే అరుదు, ‘క్లౌడ్ నైన్’ అంటే సంతోషం అంటూ ఎక్కాల్లా వల్లెవేస్తుంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ జాబితా మీకు మార్కులు తెచ్చేదానికన్నా పోగొట్టేదే ఎక్కువ.

ఇది చిన్న విషయం కాదు. పరీక్ష ఫీజే రూ.15 వేలు దాటింది. చెరకు, వరి మీద బతికే ఇంట్లో అంత డబ్బు ఊరికే రాదు. వచ్చిన స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. చాలా యూనివర్సిటీలు 6.5 అడుగుతాయి, కొన్ని కోర్సులకు 7 కావాలి. అర బ్యాండ్ తగ్గితే అడ్మిషన్ చేజారిపోవచ్చు, మళ్లీ ఫీజు కట్టాల్సి రావచ్చు. అందుకే ఉన్న కొద్ది వారాల్లో ఏం చదవాలో తెలుసుకోవడం ముఖ్యం.

అసలు ఈ ఇడియమ్స్ పిచ్చి ఎక్కడ నుంచి వచ్చింది? స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలకూ సమానంగా, ఒక్కోదానికి 25 శాతం వెయిటేజీ. ఏ బ్యాండ్‌కి ఏం చూస్తారో పరీక్ష నిర్వాహకులే బయటపెట్టారు. పదసంపద కింద బ్యాండ్ 6 దగ్గర ఇడియమ్ అనే మాటే ఉండదు. బ్యాండ్ 7 దగ్గర ‘ఇడియమాటిక్’ అనే మాట మొదటిసారి కనిపిస్తుంది. కోచింగ్ వాళ్లు పట్టుకున్నది ఆ ఒక్క మాటనే. 6 నుంచి 7కి వెళ్లాలంటే ఇడియమ్స్ కావాలి, ఇదిగో జాబితా అన్నారు.

వాళ్లు పూర్తిగా తప్పు చెప్పలేదు, సగమే చదివారు. ఆ వాక్యంలోనే ‘కొలొకేషన్’ అనే మాట కూడా ఉంది. అంటే ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలియడం. ‘ఇడియమాటిక్’ అన్నా పిల్లులూ కుక్కలూ కురిసే సామెతల్లాంటి మాటలు మాత్రమే కావు. ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు సహజంగా ఎలా అంటారో అలా అనడం.

ఇది మనకి కొత్త సంగతేమీ కాదు. తెలుగులో ఆకలి ‘వేస్తుంది’, జలుబు ‘చేస్తుంది’, జ్వరం ‘వస్తుంది’, దెబ్బ ‘తగులుతుంది’. ఎందుకలా అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు. కానీ ‘నాకు ఆకలి చేసింది’ అని ఎవరైనా అంటే చటుక్కున పట్టేస్తాం. ఎగ్జామినర్ చెవి కూడా అలాంటిదే. ‘కల వచ్చింది’ని మక్కీకి మక్కీ దింపి ‘ఎ డ్రీమ్ కేమ్’ అంటే ఆ చెవికి తెలిసిపోతుంది. వాళ్లు ‘ఐ హ్యాడ్ ఎ డ్రీమ్’ అంటారు. మనం పరీక్ష ‘రాస్తాం’ కాబట్టి ‘ఐ రోట్ ది ఎగ్జామ్’ అంటాం. చాలా దేశాల్లో ‘టుక్’ అనే అంటారు. పెద్ద వానని ‘బిగ్ రెయిన్’ అంటే అర్థమవుతుంది, కానీ అతికినట్టు ఉండదు. ‘హెవీ రెయిన్’ అనాలి. ‘2024లో పాస్ అవుట్ అయ్యాను’ అని మనం గర్వంగా చెప్తే, బయటి దేశాల్లో చాలామందికి స్పృహ తప్పి పడిపోయారని అర్థమవుతుంది. ‘గ్రాడ్యుయేటెడ్’ అంటే గొడవే లేదు. ఇలాంటివి పాతిక సరిదిద్దుకుంటే, 200 ఇడియమ్స్ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

జాబితాలో ఉన్న ఇంకో లోపం, అది అర్థం చెప్తుంది గానీ సందర్భం చెప్పదు. ‘కిక్ ది బకెట్’ ఎదురుగా ‘చనిపోవడం’ అని ఉంటుంది. తాతగారి గురించి చెప్పమన్నప్పుడు అదే వాడేస్తే? మన వాడుకలోనూ ‘బాల్చీ తన్నేశాడు’ అని ఉంది కదా. స్నేహితులతో సినిమా విలన్ గురించి అలా అంటాం. తాతగారి విషయంలో ‘పోయారు’ అనో ‘కాలం చేశారు’ అనో అంటాం. ఇంగ్లిష్‌లోనూ అక్కడ ‘పాస్డ్ అవే’ అనాలి. అర్థం ఒకటే అయినా మర్యాద వేరు. ఆ తేడా పీడీఎఫ్ నేర్పదు.

బట్టీ ఇంగ్లిష్‌తో మెప్పించే విద్య మన ఉత్తరాంధ్రకి పాతదే. 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’ గుర్తు చేసుకోండి. ఇంగ్లిష్‌లో మాట్లాడుకోమని వెంకమ్మ ముచ్చటపడితే, గిరీశం, వెంకటేశం ఇద్దరూ బడిలో బట్టీపట్టిన పద్యాల ముక్కలు, పాఠాల ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. అదే సంభాషణ అనుకుని ఆ తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుకుంటాం. కానీ ఐఈఎల్‌టీఎస్ గదిలో ఎదురుగా ఉండేది వెంకమ్మ కాదు. బట్టీ మాటల మీద ఆధారపడటం కింది బ్యాండ్ల లక్షణమని పరీక్ష కొలమానంలోనే రాసి ఉంది. పైగా గుర్తు తెచ్చుకోవడానికి ఇడియమ్ ముందు మీరు ఆగిన ఆ రెండు సెకన్లూ ధారాళత మార్కును తినేస్తాయి.

మరి ఏం చేయాలి? మీ ఊరితో మొదలుపెట్టండి. రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు. ‘నీటికి దగ్గరగా ఉన్న ఒక ప్రదేశం గురించి చెప్పండి’ అన్న తరహా కార్డు వచ్చిందనుకుందాం. జాబితా చదివిన అభ్యర్థి తాను క్లౌడ్ నైన్ మీద ఉన్నాననీ, క్యాట్స్ అండ్ డాగ్స్ వాన కురిసిందనీ, బ్లూ మూన్‌కి ఒకసారి అక్కడికి వెళ్తాననీ చెప్తాడు. మూడు ఇడియమ్స్ వచ్చాయి, చెరువు మాత్రం కనిపించలేదు.

దేవరాపల్లి అమ్మాయి దగ్గర ఇంతకన్నా మంచి సరుకుంది. శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం. వేసవిలో నీటిమట్టం పడిపోవడాన్ని ‘ది వాటర్ లెవెల్ డ్రాప్స్’ అనొచ్చు. ఆ నీళ్ల మీదే పొలాలు ఆధారపడ్డాయనడానికి ‘డిపెండ్ ఆన్’ చాలు. విశాఖ నగరానికి తాగునీరు ఇక్కడ నుంచి కూడా వెళ్తుంది. నగరంలో కుళాయి తిప్పేవాళ్లు ఆ నీళ్ల విలువ పట్టించుకోరని చెప్పడానికి ‘టేక్ ఇట్ ఫర్ గ్రాంటెడ్’ అచ్చంగా సరిపోతుంది. మూడో భాగంలో రైతుల గురించి అడిగితే, బొటాబొటిగా నెట్టుకొస్తున్నారనడానికి ‘మేక్ ఎండ్స్ మీట్’ ఉంది. ఇక్కడ రెండే ఇడియమ్స్ వాడాం. రెండూ చెప్పాల్సిన విషయం అడిగితే వచ్చినవి.

సాధన కూడా ఇలాగే చేయండి. వారానికి పది మాటలు చాలు. ఒక్కోదానికి మీ ఇంటి నుంచో, కాలేజీ నుంచో మూడు నిజమైన వాక్యాలు రాయండి. మూడు దొరకకపోతే ఆ మాట మీది కాదు, వదిలేయండి. ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి వినండి. ఏ మాట ముందు తడబడ్డారో దాన్ని తీసేసి, మామూలు మాటతో మళ్లీ చెప్పండి. కొత్త మాట నేర్చుకునేటప్పుడు ఇంగ్లిష్ ఇంటర్వ్యూలో, వార్తల్లో దాన్ని ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చూడండి. ఖర్చు లేని పని, కోచింగ్ కూడా అక్కర్లేదు.

విదేశాలకి వెళ్లని వాళ్లకీ ఇది పనికొస్తుంది. క్యాంపస్ ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమన్నప్పుడు ‘థింక్ అవుట్ ఆఫ్ ది బాక్స్’, ‘హార్డ్ నట్ టు క్రాక్’ అని దంచితే హెచ్‌ఆర్ తల ఊపి ఊరుకుంటారు. ప్రాజెక్టులో సెన్సర్ ఎందుకు పనిచేయలేదో, దాన్ని ఎలా సరిచేశారో తేలిక మాటల్లో చెప్పండి. తర్వాతి ప్రశ్న అక్కడ నుంచే వస్తుంది, దానికి జవాబు మీకు తెలిసే ఉంటుంది.

ఎదుటివాళ్లు వినాలనుకునేది మీ దగ్గరున్న సంగతి. అది సాఫీగా చెప్పడానికి సాయపడే ఇడియమ్‌ని ఉంచుకోండి, అడ్డం పడేదాన్ని వదిలేయండి. ఆ పీడీఎఫ్‌లో అలా మిగిలేవి ఇరవై కూడా ఉండవు. ఆ ఇరవై మాత్రం బాగా నేర్చుకోండి.