చూపులేనివారి తీరికవేళ

కర్నూలు నగరమున కలిసిపోయిన మా కల్లూరులో చూపులేనివారిని గూర్చిన ప్రస్తావన వచ్చినప్పుడెల్ల సంభాషణము పింఛనుతో ఆరంభమై పింఛనుతోనే ముగియుచుండును. ఆ ధనమును నేను చులకన చేయుటలేదు. అది పలువురి కంచములోని అన్నము. కాని ఆ అన్నము తిని, పనిపాటలు ముగించుకొని, సాయంకాలము అరుగుమీద కూర్చుండినవానికి ఒక కథయో, ఒక నాటకమో, ఒక క్రికెట్టు ఆటయో కావలెనను కోరిక కన్నులున్నవారికెంత సహజమో లేనివారికిని అంతే సహజమన్న సంగతి మనకు స్ఫురింపదు.

కరవుసీమయని పేరుపడిన ఈ ప్రాంతము వీనులవిందునకు మాత్రము ఏనాడును కరవెరుగదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజమును, తెల్లవార్లు సాగిన పద్యనాటకములును, హరికథలును, భజనలును చెవిని నమ్ముకొని నడచినవి. హరిశ్చంద్రుని కాటిసీను పద్యమునకు ‘వన్స్ మోర్’ అని కేకవేయుటకు చూపుతో పనిలేకుండెను. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిన పిమ్మట రేడియో నాటకములును, చలనచిత్రమును గంటసేపటి ధ్వనిగా కుదించి వినిపించిన సంక్షిప్త శబ్దచిత్రములును ఇంటింట వినబడినవి. తరువాత టీవీ వచ్చినది. నేటి ధారావాహికలో తలుపు చప్పుడగును, వాద్యఘోష మిన్నుముట్టును, పాత్రలందరును మౌనము వహింతురు. ఎవరు వచ్చిరో, ఎవరు ఎవరివంక ఉరిమి చూచిరో ప్రక్కవారిని అడిగి తెలిసికొనవలెను, మాటిమాటికి అడుగుటకు మొగమాటమడ్డువచ్చును.

యంత్రములు లేవందుమా, కలవు. ఆండ్రాయిడు ఫోనులోని టాక్‌బ్యాక్ తెరమీది అక్షరములను చదివి వినిపించును. కంప్యూటరునకు 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభమైన ఎన్.వి.డి.ఎ. అను అటువంటి సాధనము ఉచితముగా లభించును, ఇవి తెలుగును కూడ పలుకగలవు. అయితే వానికి చదువుటకు మనమేమి ఇచ్చుచున్నాము? మన ప్రచురణకర్తలు పెక్కుపుస్తకములను నేటికిని ‘అను’ అను పేరుగల ఫాంట్లలో కూర్చుచున్నారు. ఆ ఫాంట్లలో కంటికి తెలుగక్షరము కనిపించినను యంత్రమునకు కనబడునది అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. కనుక అది మహాకవి కావ్యమునైనను పిచ్చివాని ప్రేలాపనగా వినిపించును. పత్రికల ఈ-పేపరులన్ననో చాలవరకు బొమ్మలు. వానియెదుట యంత్రము మూగవోవును. బొమ్మనుండి అక్షరములను రాబట్టు సాధనములున్నను, ఒత్తులును గుణింతములును వచ్చుచోట తరచు తడబడుచుండును.

చట్టము అడ్డుపడుచున్నదనుటకును వీలులేదు. 2012 నాటి కాపీరైటు చట్టసవరణము చూపులేనివారికొరకు పుస్తకమును అనువగు రూపమునకు మార్చుట నేరము కాదన్నది. ఈ విషయమునకే సంబంధించిన 2013 నాటి మర్రకేష్ అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అందరికన్న ముందు ధ్రువీకరించిన దేశము మనదే. 2016లో ఇట్టి పుస్తకములకై సుగమ్య పుస్తకాలయము ఆన్‌లైనులో తెరువబడినది. సినిమాల విషయమున 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ మార్గదర్శకములు వెలువరించినది. వానిలో చెప్పిన ఏర్పాటు ప్రకారము, సంభాషణలకు నడుమ దొరకు విరామములో తెరమీద జరుగునదానిని ఒక గొంతు క్లుప్తముగా వర్ణించును. ప్రేక్షకుడు దానిని తన ఫోనుకు తగిలించిన ఇయర్‌ఫోనులో, ప్రక్కవారికి ఇబ్బంది కలుగకుండ వినును. కోట్లు కుమ్మరించి యుద్ధసన్నివేశములను నిర్మించు మన తెలుగు నిర్మాతలకు ఆ వర్ణన వ్యయము లెక్కలోనికి వచ్చునది కాదు. శబ్దచిత్రమునకు అలవాటుపడిన ప్రేక్షకులు వారికి సిద్ధముగానే యున్నారు.

వినుటయేగాక ఆడుటయు కలదు. అంధుల క్రికెట్టులో బంతిలోపల లోహపు గుళికలు గలగలలాడును. బంతిని భుజము క్రిందినుండి నేలమీద దొర్లునట్లు వేయుదురు. జట్టులో కనీసము నలుగురు బొత్తిగా చూపులేనివారై యుండవలెను, వారు తీసిన పరుగు రెండుగా లెక్కింపబడును. ఈ ఆటలో భారతజట్టుకు నాయకత్వము వహించిన మన ఆంధ్రుడు అజయ్‌కుమార్ రెడ్డికి అర్జున పురస్కారము లభించినది. 2025 నవంబరులో కొలంబోలో ముగిసిన తొలి మహిళా అంధుల టి-20 ప్రపంచకప్పును గెలిచిన జట్టునకు నాయకురాలు మన రాయలసీమలోని మడకశిర ప్రాంతపు దీపిక. అభినందనసభలు మంచివే, కాని ప్రతి మండలమునను ఒక గలగలలాడు బంతియు, ఒక చదును మైదానమును ఉన్నచో మరికొందరు దీపికలు వెలువడుదురని నా నమ్మకము.

ప్రచురణకర్తలకు నా మనవి ఒక్కటే: ఇకపై అచ్చువేయు ప్రతి పుస్తకమునకును యంత్రము చదువగల యూనికోడు ప్రతినొకదానిని సిద్ధపరచి సుగమ్య పుస్తకాలయమునకు అప్పగింపుడు. ఈ వ్యాసమును ప్రకటించు పత్రికవారును దీనిని బొమ్మగా గాక అక్షరములుగా అంతర్జాలమున ఉంచవలెనని కోరుచున్నాను.