నూటికి అరవై కోతలా?

వెనకటికి ఎవరింట్లో పురుడొచ్చినా "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు మొదటి ప్రశ్న "నార్మలా, సిజేరియనా?" సిజేరియనే అయితే, "ఈ కాలం పిల్లలు నొప్పులు ఓర్చుకోలేరు లెండి" అని తేల్చేస్తారు. నేనొప్పుకోను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21 కాన్పులు ఆపరేషన్లు. తెలంగాణలో 60 పైమాటే. అక్కడే ప్రైవేటు ఆస్పత్రుల్లో 81, సర్కారువాటిలో 44. ఆంధ్రలో ప్రైవేటులో 63, సర్కారులో 26. ఆడపిల్లల ఓర్పు ఆస్పత్రి గుమ్మాన్ని బట్టి మారుతుందా? సర్కారు లెక్కలో ఆపరేషన్ గది లేని చిన్న కేంద్రాలూ ఉన్నాయి, నిజమే. కానీ గడ్డు కాన్పులు చివరికి చేరేదీ పెద్దాస్పత్రికే కదా!

సిజేరియన్ వద్దనడం లేదు. మాయ అడ్డుపడినా, బిడ్డ అడ్డం తిరిగినా, ఆ కత్తే రెండు ప్రాణాలు నిలుపుతుంది. అయితే నూటికి 10 దాటాక, కోతలు పెరిగినంత మాత్రాన జనాభాలో తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అది ఒక్కో ఆస్పత్రికి గీసిన గీత కాదు. కష్టమైన కేసులు వచ్చే చోట కోతలు ఎక్కువే ఉంటాయి. అందుకే రాబ్సన్ అనే డాక్టరు 2001లో గర్భిణులను పది వర్గాలు చేశాడు. అందులో మొదటిది చూడండి: తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండి నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్ళు. వీళ్ళలో ఎందరిని కోశారని అడిగితే ఆస్పత్రి తీరు బయటపడుతుంది. చీర కొనాలంటే నాలుగు కొట్లు తిరిగి, రంగు పోతుందా అని అడుగుతామే, ఇది అడగమేం?

ఇంట్లోవాళ్ళూ తక్కువేం కాదు. పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం చీటీ డాక్టరమ్మ బల్లమీద పెట్టే పెద్దవాళ్ళున్నారు. పుట్టిన వేళకు జాతకం రాస్తారని విన్నాం గానీ, జాతకానికి బిడ్డను పుట్టించడమేమిటి? కోతపడేది ఆ పిల్లకి. మొదటిది కోతైతే రెండోదీ చాలామందికి కోతే. ఎన్ని కోతలైతే అంతగా, మళ్ళీ కాన్పులో మాయ గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదం.

హోటలు గోడమీద ఇడ్లీ ధర రాసిపెడతారు. ఆ మొదటి వర్గంలో నూటికెన్ని కోతలో ఆస్పత్రి గోడమీద రాయడానికేం?